ఉలవల మీద తోలిన బండి

మూల కార్తె, మంగళవారం

పొద్దున బండి మీది సోలార్ పలకలు పొడిగుడ్డతో తుడిచాను. తడిగుడ్డతో తుడిస్తే ఛార్జి తొందరగా ఎక్కుతుంది, కానీ ఈ వారం నీళ్ల వంతు మా వీధికి లేదు. వెనక చక్రంలో గాలి తగ్గింది, కొట్టాను. సాహితవ్వని ఆస్పత్రికి తీసుకుపోయే రోజు కాదు. ఇంట్లోనే ఉందామనుకున్నాను.

లోహిత్ మామ వచ్చాడు. సాహితవ్వ కొడుకు. ఏదైనా అడగాలంటే ముందు బండి చక్రాన్ని కాలితో తన్నిచూస్తాడు. తన్నాడు.

"తూర్పున మబ్బు పట్టింది. ఉలవలు రోడ్డు మీద వేద్దామా మే?"

"రోడ్డెక్కితే కెమెరా కంబం చూస్తుంది మామా."

"చూడనీ. దానికేం పని? మనకుంది పని."

మా ఎర్రొంకపల్లి క్రాసులో హైవే ఉంది. ఉలవలు, కందులు నూర్చడానికి అంత గట్టి నేల ఇంకెక్కడా లేదు. వెనకటికి రోడ్డు మీద పరిచి పక్కన కూర్చుంటే చాలట. వచ్చేపోయే లారీలూ బస్సులూ తొక్కి నూర్చిపెట్టేవట. ఇప్పుడు హైవే మీద తిరిగేవన్నీ తోలేవాడు లేని బండ్లు. మేము ఉత్త బండ్లంటాం. అవి తమకు తెలియనిదాన్ని తొక్కవు. కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె కనబడితే ఆగిపోతాయి. చేత్తో తోలే బండి మా ఊళ్లో నాదొక్కటే.

మధ్యాహ్నానికి కట్టె మొత్తం క్రాసులో పరిచారు. ఉత్త బండ్లు వచ్చి వరసగా నిలబడ్డాయి. ఒకదాంట్లోంచి ఒకాయన అద్దం దించి, "ఎంతసేపమ్మా ఇది?" అన్నాడు.

"నీ బండికి కాళ్లు నొప్పంట నాయనా. కాసేపు కూర్చోనీ," అంది లోహిత్ మామ భార్య భవ్యత్త. ఆడవాళ్లంతా నవ్వారు.

అడ్డం ఉందని కంబం కనిపెట్టింది. వేగం బోర్డు మీద అరవై పోయి పది వచ్చింది. నేను చూశాను. పదిలో తోలితే సాయంత్రం దాకా పడుతుంది. మబ్బు అప్పటికే మా గుట్ట దాటింది. జోరుగా తోలమని మామ చెయ్యి ఊపాడు. తోలాను. బండి దాటిన వెంటనే వాళ్లు పంగలకర్రలతో కట్టె తిరగేసేవాళ్లు, నేను మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని.

గింజలు గోతాల్లోకి ఎత్తుతుండగా చినుకులు మొదలయ్యాయి. చివరి గోతం కొంచెం తడిసింది. మిగతావన్నీ దక్కాయి. మూడేళ్ల తర్వాత వచ్చిన ఉలవలు.

మూల కార్తె, శుక్రవారం

సాహితవ్వ ఆస్పత్రి రోజు. మూత్రపిండాలు పని చేయవు కాబట్టి వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. ఆమెని ఎక్కించుకుని స్టార్టు చేస్తే బండి కదల్లేదు.

"మీకొక నోటీసు ఉంది. పూర్తిగా విన్న తర్వాత బండి బయలుదేరుతుంది," అంది. బండి గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.

ఏడు అతివేగం నేరాలు. అన్నీ ఒకే రోజు, ఒకే చోట. పది ఉన్న చోట ముప్పై ఎనిమిది. ఒకే రోజు మూడు దాటితే చేతి లైసెన్సు శాశ్వతంగా రద్దు. విచారణ వచ్చే కార్తెలో, బుధవారం, టౌను కోర్టులో.

అవ్వ వెనక సీట్లోంచి అంతా వింది.

"నా కొడుకు ఉలవలకేనా ఇది?"

"అది ఊరికే ఏదో వాగుతుందిలే అవ్వా."

"నాకు పోయింది మూత్రపిండాలు మే. చెవులు కాదు."

చేతి లైసెన్సులు ఇవ్వడం ఆపేసి నాలుగేళ్లయింది. చివరిసారి ఇచ్చినవాళ్లలో నేనొకదాన్ని. వంక పారినప్పుడల్లా మా ఊరి దారి మారుతుంది కాబట్టి మా ఊరు ఉత్త బండ్ల పటంలో లేదు. ఫోన్ చేసి పిలిస్తే, అలాంటి చోటు లేదంటాయి. క్రాసుకి నడిచిపోయి నిలబడినా ఆగవు. నా లైసెన్సు పోతే ఇంకొకరికి రాదు. అవ్వ ఆస్పత్రికి పోయే దారి ఇంకొకటి లేదు.

మూల కార్తె, సోమవారం

అవ్వని మిషన్ దగ్గర వదిలి, ఆస్పత్రి వెనక సందులో ఉన్న ఉచిత న్యాయ సహాయం ఆఫీసుకి పోయాను. సుభానీ అని వకీలు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడు. టేబుల్ మీద టిఫిన్ బాక్సు తెరిచి ఉంది. నోటీసు చదువుతూనే తిన్నాడు.

"చిన్న కేసులైతే ఫోన్లోనే తేల్చేస్తారు. లైసెన్సు రద్దు చేయాలంటే మాత్రం మనిషే కూర్చుని వినాలి, చట్టం అది. అది మనకు మంచిదే. బోర్డు మారడం చూశావా?"

"చూశాను సార్."

"కోర్టులో ఆ మాట అనొద్దు. గమనించలేదని చెప్పు. లేదంటే ఇంకో దారి ఉంది. పంట ఎవరిదో, తోలమన్నది ఎవరో చెప్పు. అప్పుడు నువ్వు కూలికి తోలినట్టవుతుంది. తప్పు సగం వాళ్ల మీదికి పోతుంది. ఏడు కాస్తా ఒకటవుతుంది."

"వాళ్లకేమవుతుంది?"

"రోడ్డుకి అడ్డం పెట్టినందుకు ఈ ఎండాకాలం నీటి వంతు ఆపేస్తారు. జైలేం కాదు."

టౌనులో ఉండేవాళ్లకి అది చిన్న మాటే. నీటి వంతు ఆగితే లోహిత్ మామకి మిరపతోట ఉండదు, మేకలుండవు.

"ఆలోచించుకో," అని బాక్సు మూత పెట్టాడు. "నిజం చెప్పడానికి నీకు రెండు అవకాశాలిచ్చాను, రెండిట్లో ఒక్కటి వాడుకో చాలు. రెండూ నువ్వే మింగితే నేను చేసేదేం లేదు."

"మొదటిది నిజం కాదు కద సార్."

ఆయన నవ్వాడు. "అదీ సరే."

పూర్వాషాఢ కార్తె, శనివారం

వానకి వంక తెగింది. ఊరి దారి కొంత కోసుకుపోయింది. నేనూ ఇంకో ఇద్దరూ రాళ్లు వేసి పూడ్చాం. బండి పోతుందో లేదో తోలిచూశాను. పోయింది.

సాయంత్రం లోహిత్ మామ వచ్చాడు. చక్రాన్ని తన్నలేదు.

"అమ్మ చెప్పింది," అన్నాడు. "ఏడంట కదా."

"ఏడు మామా."

"వకీలు ఏమన్నాడు?"

సుభానీ సార్ చెప్పిందంతా చెప్పాను, నీటి వంతు మాట కూడా. దాచిపెట్టాల్సిన పని లేదు. మామ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ విన్నాడు. చిన్నప్పుడు బావి పని చేస్తూ పడ్డాడు. అప్పటి నుంచి ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది. ఆలోచిస్తున్నప్పుడు ఇంకా వాలుతుంది.

"పేరు చెప్తే నీకు లైసెన్సు దక్కుతుందా?"

"దక్కొచ్చంటున్నాడు."

"చెప్పకపోతే అమ్మకి బండి లేదు."

"అదీ అంతే."

చెప్పు అంటాడేమోనని చూశాను, వద్దు అంటాడేమోనని కూడా చూశాను. ఏదో ఒకటి అని ఉంటే నాకు సులువయ్యేది.

"పొద్దుపోయింది. మేకలు తోలాలి," అని పోయాడు.

పూర్వాషాఢ కార్తె, బుధవారం

కోర్టు రోజు. అవ్వ ఆస్పత్రి కూడా ఈరోజే. వస్తానన్న వాళ్లందరినీ ఎక్కించుకున్నాను. లోహిత్ మామ వెనక కూర్చున్నాడు. పన్ను పీకించుకునే పనుందని మోక్షిత్ తాత ఎక్కాడు. నా లైసెన్సు పోయే చోటికి నేనే తోలుకుపోయాను. వేరే బండి లేదు మరి.

"జాగ్రత్తగా తోలు మే," అన్నాడు తాత. "ఈరోజు కూడా పట్టుకుంటే ఎనిమిదవుతాయి."

అవ్వని ఆస్పత్రిలో దింపి కోర్టుకి పోయాం. మేజిస్ట్రేటు యాభై దాటిన ఆవిడ. దగ్గుతో ఉంది, గొంతుకి శాలువా చుట్టుకుంది. ప్రభుత్వ వకీలు చదివాడు. ఒకే చోట ముందుకీ వెనక్కీ ఏడుసార్లు తోలారు కాబట్టి ఇది పందెం గానీ ఆట గానీ అయ్యుండాలని, ఇలాంటివాళ్ల చేతిలో బండి ఉండకూడదని అన్నాడు. కోపంగా ఏం అనలేదు, ఉన్నది చదివినట్టు చదివాడు.

కంబం తీసిన వీడియో గోడ మీద వేశారు. కంబం మనుషుల్ని చూపించకూడదని నియమం. అందుకని మనుషులున్న చోట బూడిదరంగు పూస్తుంది. బండి మాత్రం నంబరుతో సహా స్పష్టంగా ఉంది. నా బండి పోతోంది, వస్తోంది. దాని వెనక బూడిద మనుషులు పరిగెత్తుకొచ్చి, వంగి, కర్రలతో తిరగేసి, పక్కకి తప్పుకుంటున్నారు. ముఖాలు లేకపోయినా నాకు అందరూ తెలుసు. కొంగు నడుముకి దోపుకునే తీరును బట్టి భవ్యత్త ఎక్కడుందో చెప్పగలను.

"అది ఏం పంట?" అంది మేజిస్ట్రేటు.

"ఉలవలండి."

"నూరుస్తున్నారా?"

"అవునండి."

ఆవిడ ప్రభుత్వ వకీలు వైపు చూసింది. ఆయన కాగితం తిప్పాడు.

"బోర్డు పదికి మారింది. చూశావా?"

సుభానీ సార్ పెన్ను మూత తీసి పెడుతున్నాడు.

"చూశానండి."

పెన్ను ఆగింది.

"చూసి కూడా ముప్పై ఎనిమిదిలో తోలావు."

"వాన వస్తోందండి. మెల్లగా తొక్కితే చాలాసార్లు తొక్కాలి. వాన అంతసేపు ఆగదు."

ఆవిడ వీడియో వెనక్కి తిప్పించి, ఒక చోట ఆపమంది. బండి అప్పుడే దాటింది. ఒక బూడిద మనిషి అందరికంటే ముందు దూకాడు, చక్రానికి మూరెడు దూరంలో. ఎడమ భుజం కిందికి వాలి ఉంది.

"ఈ మనిషి కాలు జారి ఉంటే?"

జారలేదండి అనబోయి ఆగాను. ఆరోజు నేను అద్దంలో చూడలేదు. మబ్బునే చూస్తున్నాను.

"నాకు తెలీదండి," అన్నాను.

"పంట ఎవరిది?"

"మా ఊరిదండి."

"ఊళ్లో ఎవరిదని అడుగుతున్నాను."

"ఆ మాట నేను చెప్పనండి."

"చెప్పకపోతే నష్టం నీకే. మీ వకీలు చెప్పాడా?"

"చెప్పారండి."

దగ్గు వచ్చి ఆవిడ ఆగింది. నీళ్లు తాగింది. అప్పుడు నా వెనక బెంచీ కిర్రుమంది. తిరిగి చూస్తే లోహిత్ మామ లేచి నిలబడి ఉన్నాడు. చెప్పడానికి లేచాడో, బయటికి పోవడానికి లేచాడో నాకు తెలీదు. ఒక చెయ్యి ముందు బెంచీ మీద ఉంది, ఒక కాలు నడవాలో ఉంది, భుజం వాలి ఉంది. గోడ మీద ఆ బూడిద మనిషి ఇంకా అట్లాగే ఆగి ఉన్నాడు.

మేజిస్ట్రేటు గోడ వైపు చూసింది. మామ వైపు చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"కూర్చోండి పెద్దాయనా," అంది. "మిమ్మల్ని ఎవరూ పిలవలేదు."

మామ కూర్చున్నాడు.

తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. వీడియో తీసేయమంది. అడ్డం పెట్టినవాళ్లెవరో తేలలేదని రాసుకోమంది. ఏడు పరుగులూ ఒకే పని కోసం తోలినవి కాబట్టి ఒకే నేరం కింద లెక్క అంది. ప్రభుత్వ వకీలు ఏదో అనబోయి, గడియారం చూసి ఊరుకున్నాడు.

"లైసెన్సు రద్దు చేయడం లేదు. కానీ చూసి తోలావు. మనిషి చక్రం పక్కనుంటే నువ్వు మబ్బు చూస్తున్నావు." ఆ మాట నేను పైకి అనలేదు. ఆవిడకెట్లా తెలిసిందో. "ఏడాది పాటు నీ బండి ఎక్కడైనా పది దాటదు. తాళం వేయిస్తాను. ఆ తాళం మీద చెయ్యి పడితే లైసెన్సు పోయినట్టే. అర్థమైందా?"

"అర్థమైందండి."

బయట సుభానీ సార్ నా పక్కన నిలబడి, "నేను చెప్పింది ఒక్కటీ చేయలేదు నువ్వు," అన్నాడు. "ఫీజు తీసుకునేవాణ్నయితే ఈరోజు సిగ్గుపడాల్సొచ్చేది." కోపం లేదు ఆయనకి.

ఒక మనిషి వచ్చి స్టీరింగు కింద చిన్న డబ్బా బిగించి సీలు వేశాడు. ఆస్పత్రి నుంచి అవ్వని ఎక్కించుకుని బయలుదేరాం. హైవే మీద ఉత్త బండ్లు మమ్మల్ని దాటిపోతుంటే గాలికి మా బండి ఊగింది. ఒక్కొక్కటీ దాటుతూ మర్యాదగా హారన్ కొట్టింది.

"నా పెళ్లి ఊరేగింపు ఇంతకంటే జోరుగా పోయింది," అంది అవ్వ. మిషన్ మీద నుంచి దిగిన రోజు ఆమె గొంతు పీలగా ఉంటుంది. "దాంట్లో బ్యాండు కూడా ఉండింది."

పన్ను పీకించుకున్న మోక్షిత్ తాత నోట్లో దూది పెట్టుకుని ఉన్నాడు కాబట్టి బదులు చెప్పలేకపోయాడు.

క్రాసు దగ్గరపడుతుండగా లోహిత్ మామ ఆపకుండానే దిగి, బండి పక్కన నడవడం మొదలుపెట్టాడు. పదిలో పోతున్నా బండితో సమంగా నడవడం కష్టం. సగం నడక, సగం పరుగు.

"ఎక్కరా," అంది అవ్వ.

"కాళ్లు పట్టుకుపోయినాయి. సాగదీస్తాండా."

క్రాసు దాకా అట్లాగే వచ్చాడు. నేను అద్దంలో చూస్తూ తోలాను.

ఉత్తరాషాఢ కార్తె, శుక్రవారం

ఆస్పత్రికి పోవాలంటే ఇప్పుడు కోడి కూయక ముందే లేవాలి. పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు. వచ్చేటప్పుడు ఎండ నెత్తి మీదే ఉంటుంది. అవ్వ తల మీద తడిగుడ్డ వేస్తున్నాం. ఆ నీళ్లు లోహిత్ మామ ఇంటి నుంచి వస్తున్నాయి. అవ్వ ఓర్చుకుంటోంది కానీ దిగేసరికి ఆమెని ఎత్తుకుపోవాల్సివస్తోంది.

మోక్షిత్ తాతకి కట్టుడు పళ్ల కొలత ఇవ్వాల్సి ఉంది. ఈరోజు మాతో వచ్చాడు. ఎండకి విసుగొచ్చి, అందరూ వింటుండగానే అన్నాడు.

"ఒక్క పేరు చెప్పుంటే నలభైలో పోయేవాళ్లం కదా మే. ఎవరి ఉలవలకో ఊరంతా ఉడికిపోతాంది."

లోహిత్ మామ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అవ్వ గుడ్డ కింద నుంచి అంది, "నీ పళ్లు వచ్చేదాకా నోరు మూసుకో మోక్షిత్. గాలి పోతాంది." ఎవరూ నవ్వలేదు.

పేరు చెప్పి ఉంటే ఎట్లుండేదో నేనూ అనుకోలేదని కాదు. ఎండలో మూడు గంటలు కూర్చుంటే చాలా అనుకుంటాం.

శ్రవణ కార్తె, గురువారం

లోహిత్ మామ నీటి వంతు వచ్చింది. పొద్దున పలకలు తుడుస్తుంటే భవ్యత్త గొంతు వినబడింది. మిరపతోట మొహం వాడిపోతుంటే బీడు భూమికి నీళ్లు పెడుతున్నాడు, ఈ మనిషికి పిచ్చి పట్టింది అని వీధిలో నిలబడి తిడుతోంది.

పోయి చూశాను. ఊరి దారి పక్కన, బండి తేలిగ్గా దిగే చోట, మామ నేల చెక్కి చదును చేసి ఉన్నాడు. హైవేకి దూరం, కంబాలు లేవు. గుండ్రంగా పెద్ద ముక్క. దాని మీదికి నీళ్లు వదిలి, తానే ఆ అడుసు తొక్కుతున్నాడు.

"ఏంది మామా?"

"కళ్లం," అన్నాడు. తల ఎత్తలేదు.

మా ఊళ్లో నూర్పు కళ్లం ఎవరూ చూసి ఎరగరు. సాహితవ్వ చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పగా విన్నదట. సాహితవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్తుంటే భవ్యత్త వచ్చి మొగుడికి చేరవేసింది, తిట్లతో కలిపి. నేల తడి ఆరేలోపు గొర్రెల్ని తోలి తొక్కించాలి. తర్వాత పేడతో అలకాలి. ఆవులున్నది ఒక్క ఇంట్లోనే, పేడ చాలలేదు. గొర్రెల పెంటిక నానబెట్టి కలిపారు. అలికింది భవ్యత్తే. అలుకుతున్నంతసేపూ తిడుతూనే ఉంది.

మధ్యాహ్నానికి మామ నీటి వంతు అయిపోయింది. మిరపతోటలో నీళ్లు చేరింది రెండు సాళ్లకే.

శ్రవణ కార్తె, ఆదివారం

కళ్లం ఒక పక్క పగిలింది. అక్కడ మళ్లీ అలికారు. ఉలవలు ఆలస్యంగా వేసినవాళ్లు మూడిళ్లవాళ్లున్నారు. మొదట అనుమానపడ్డారు, గింజలో మన్ను కలుస్తుందన్నారు. రోడ్డు మీద వేసుకోండి మరి, నేను తోలను అన్నాను. తెచ్చి పరిచారు. మోక్షిత్ తాత తన మోపు కూడా తెచ్చాడు. కొత్త పళ్లు సరిగ్గా కూర్చోలేదు, మాట్లాడకుండా పరిచాడు.

బండి కళ్లంలోకి దింపి తిప్పడం మొదలుపెట్టాను. ఒకే పక్క తిరిగితే తల తిరిగింది. ఆపి, ఇటు నుంచి అటు తిప్పాను. పదిలో పోతుంటే కట్టె కింద కాయ విచ్చుకోవడం వినబడుతుంది. జోరుగా పోయినప్పుడు ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. ప్రతి చుట్టుకీ అద్దంలో చూశాను. కర్రలు పట్టుకున్నవాళ్లు దూరంగానే ఉన్నారు.

అవ్వని మంచంతో సహా తెచ్చి చెట్టు నీడలో పెట్టారు. ఎవరికి ఏం చెప్పాలో అన్నీ చెప్పింది.

ఎండ వాలుతుండగా లోహిత్ మామ చెయ్యి ఎత్తాడు. ఆపాను. కళ్లంలోకి వచ్చి, వంగి, చక్రం పక్కనే గుప్పెడు తీసి, అరచేతుల్లో నలిపి ఊదాడు. చాలాసేపు చూశాడు.

"విడని కాయలు ఇంకా ఉన్నాయి," అన్నాడు. "తోలు మే. మబ్బేం లేదు."

పక్కకి తప్పుకున్నాడు. ఆయన పూర్తిగా తప్పుకునేదాకా ఆగి, తోలాను.